మంచి కంపెనీ మిషను

అమలాపురంలో ఒక పనిముట్ల షాపు. కౌంటరుకి ఇవతల రాజోలు నుంచి వచ్చిన వడ్రంగి మేస్త్రి బెంజమిన్, ఆయన భార్య శారోన్ టీచరు. అవతల షాపు యజమాని శ్యామ్ బాబు, షాపులో పనిచేసే అమ్మాయి బేబీ.

"అలా అనకండి మేస్త్రి గారూ. ఊరికే చూసి పోతానంటే నేను బాధపడతానండి. రాజోలు నుంచి ఇంత దూరం వచ్చి, మొదటిసారి మా గుమ్మం ఎక్కి, చెక్క కోసే గ్రైండరు మిషను కొనకుండా వెళ్ళిపోతే నాకు అన్నం సయించదండి, ఆయ్."

"వెళ్ళిపోమండి. కొందామనే వచ్చేం. కానీ ఏ కంపెనీదో తేలాలి కదండి. తేలకుండా ఎలా కొంటాం."

"తేలుద్దామండి, దానికేం. టీచరు గారూ, మీరిలా ఫ్యాను కిందకి రండి. బేబీ! టీచరు గారికి కుర్చీ వెయ్యమ్మా. వేసి, ఆ పైనున్న కిటోరా ఒకటీ, వోల్మన్ ఒకటీ దింపు."

"నాకు కుర్చీ వద్దండి. ఒక్కటే మాట అడుగుతాను, నిలబడే అడుగుతాను."

"అడగండి టీచరు గారూ."

"వీటిల్లో డొప్ప ఊడదీయడానికి వీల్లేని మిషను ఏదండి?"

"ఏటండి?"

"డొప్ప. గార్డు. తిరిగే బ్లేడుని సగం మూసి ఉంచుతుందే, ఆ ఇనప రేకు. అది ఊడిరాని మిషను ఏ కంపెనీవాడు చేస్తున్నాడు?"

"శారోనూ, ఇంటి దగ్గర ఏం అనుకున్నాం? కంపెనీ సంగతి నేను మాట్లాడతానన్నాను. ఫోనులో డబ్బులు కట్టే సంగతి నువ్వు చూడమన్నాను."

"ఫోను నా దగ్గరే ఉందండి. నా జీతం కూడా అందులోనే ఉంది. అందుకే అడుగుతున్నాను."

"మీ ఆవిడగారు జాగ్రత్త మనిషండి మేస్త్రి గారూ. టీచర్లంతేనండి. టీచరు గారూ, ఊడిరాని డొప్ప ఎవడూ చెయ్యడండి. చేస్తే ఎవడూ కొనడండి."

"ఎందుక్కొనరు?"

"ఎందుకంటే... మేస్త్రి గారూ, మీరు చెప్పండి."

"మీరే చెప్పండి శ్యామ్ బాబు గారూ. నేను చెబితే దీనికి ఎక్కదు."

"ఎలా చెప్పాలండీ మరి... ఈ డొప్ప అనేది కొత్తగా పని నేర్చుకునేవాళ్ళకండి. కారు నేర్చుకునేవాళ్ళు వెనకాల ఎర్రగా ఎల్ అని రాసుకుంటారు చూడండి, అదన్నమాట. సీనియర్ మేస్త్రి డొప్పతో సైటుకెళ్తే పక్కన తాపీ పనివాళ్ళు కూడా నవ్వుతారండి. మీ ఆయనగారిది ఎంత సర్వీసు?"

"ఇరవయ్యేళ్ళు దాటిందండి."

"చూసేరా టీచరు గారూ. ఇరవయ్యేళ్ళ మేస్త్రికి ఎల్ బోర్డు కడతానంటారేంటండి."

"విజయకుమార్ బావగారిది ఇంకా పెద్ద సర్వీసండి."

"ఆయనెవరండి?"

"ఎవరూ కాదులెండి. శారోనూ, ఆ సంగతి ఇక్కడెందుకు ఇప్పుడు?"

"ఎవరూ కాకపోవడమేంటి? మీ పెద్దమ్మగారి అబ్బాయి. తాటిపాకలో ఈయన కంటే పేరున్న మేస్త్రండి. మొన్న వేసవిలో గుమ్మం చెక్క కోస్తుంటే మిషను ఎగిరి ఎడం చేతి వేళ్ళు తీసుకుపోయింది. రెండు. డొప్ప లేదు దానికి."

"అయ్యయ్యో. పెద్ద గండం తప్పిందన్నమాటండి."

"తప్పిందనే ఆయనా అన్నాడండి. ఆసుపత్రి నుంచి వచ్చేక ఆదివారం చర్చిలో లేచి సాక్ష్యం చెప్పేడు. 'పోతే చెయ్యంతా పోవాలి, ప్రభువు మూడు వేళ్ళు మిగిల్చేడు' అని. చర్చంతా స్తోత్రం అంది. నేనూ అన్నాను. కానీ డొప్ప ఎవరు పీకేరన్నది మాత్రం ఆ సాక్ష్యంలో లేదండి."

"అది సాతాను పని శారోనూ."

"సాతాను స్క్రూడ్రైవరు పట్టుకుని వచ్చేడా?"

"ఆ ఎటకారాలే వద్దు. విజయ్ అన్నయ్యది వేరే సంగతండి శ్యామ్ బాబు గారూ. అది బుల్‌కింగ్ మిషను. సంతలో కొన్న సరుకు. కొనొద్దురా అన్నయ్యా అని నేను ముందే చెప్పేను, వినలేదు. మంచి కంపెనీ మిషనైతే చేతిని గౌరవిస్తుందండి."

"అద్దీ. బాగా చెప్పేరు మేస్త్రి గారూ. చేతిని గౌరవిస్తుంది. నేను ముప్ఫై మందికి చెప్పేను గానీ ఇంత అందంగా చెప్పలేకపోయేనండి."

"చెక్కకీ వేలికీ తేడా కనిపెడుతుందా శ్యామ్ బాబు గారూ, మంచి కంపెనీదైతే?"

"వోల్మన్ అయితే కొద్దిగా కనిపెడుతుందనే అంటారండి. జర్మనీవాళ్ళు కదండీ."

"కనిపెట్టి ఏం చేస్తుంది? ఆగిపోతుందా?"

"ఆగదండి. ఆగితే పనెలా సాగుతుందండి? బేబీ, రెండూ ఇలా బల్ల మీద పెట్టు. పెట్టె విప్పు. కవరు కూడా తియ్యమ్మా. చూడండి మేస్త్రి గారూ, ఇటు కిటోరా, జపాను. అటు వోల్మన్, జర్మనీ. తూర్పూ పడమరాను. ఇప్పుడు మీ మనసులో ఏదుందో చెప్పండి."

"నాది పుట్టుకతో కిటోరా అండి. మా గురువు ఇశ్రాయేలు మేస్త్రి కిటోరా మనిషి. ఆయన చేతి కింద నేను మొదట పట్టుకున్న మిషను కిటోరా. ఆయన పోయేక ఆ మిషను ఇంట్లో షోకేసులో పెట్టుకున్నారు, దండ కూడా వేసేరు."

"అయితే ఇంక ఆలోచనెందుకండి? కిటోరాయే కట్టించేస్తాను. బేబీ..."

"ఆగండాగండి. మధ్యలో వోల్మన్ వాళ్ళు కొత్తపేట ఫంక్షన్ హాల్లో మీటింగు పెట్టేరండి, మేస్త్రులందరికీ. ఒకాయన సూటు వేసుకొచ్చి మైకులో మాట్లాడేడు. ఏం మాట్లాడేడండీ! ఆ తరవాత బిర్యానీ పెట్టేరు, తలో టోపీ ఇచ్చేరు. ఆ ఒక్క పూటలో మా వాళ్ళు సగం మంది మారిపోయేరండి."

"మరి మీరు?"

"టోపీ పెట్టుకున్నాను గానీ మారుమనస్సు పొందలేదండి."

"ఇంటికొచ్చేక మూడు రోజులు తియ్యలేదండి ఆ టోపీ. అన్నం తింటున్నా తియ్యలేదు."

"ఎండ శారోనూ. ఎండకి పెట్టుకున్నాను."

"ఇంట్లో ఎండేంటండి?"

"శ్యామ్ బాబు గారూ, మనం పనిలోకి వద్దాం. కిటోరా మోటారుకి వేసే కార్బన్లు ఎక్కడ దొరుకుతాయండి? పాతదానికి కార్బన్లు అరిగినప్పుడల్లా సఖినేటిపల్లి వెళ్ళి, పంటు ఎక్కి, గోదావరి దాటి నర్సాపురంలో తెచ్చుకునేవాణ్ణి. పంటు లేని రోజు పని లేదు."

"ఇప్పుడు మా దగ్గర దొరుకుతాయండి. అవి మీరు అడక్కముందే పెట్టెలో రెండు జతలు పడేస్తాను. మోటారు వినండి ముందు. బేబీ, ప్లగ్గు పెట్టి కిటోరా ఆన్ చెయ్యి. వినండి మేస్త్రి గారూ... ఎలా ఉంది?"

"ఆహా. శ్రుతిగా ఉందండి. జి షార్ప్."

"ఏటండీ?"

"ఈయన చర్చిలో కీబోర్డు వాయిస్తారండి. ఏ చప్పుడు విన్నా శ్రుతి చెబుతారు. మా మిక్సీ ఎఫ్ అట."

"అబ్బో, కళాకారులన్నమాట! చెప్పేరు కాదేం మేస్త్రి గారూ."

"నేను చెబుతాను వినండి శ్యామ్ బాబు గారూ. మా పెళ్ళిచూపులకి ముందు ఈయన్ని నేను చర్చిలో చూసేను. మొహం సరిగ్గా కనపడలేదు, స్తంభం అడ్డం. వేళ్ళు కనపడ్డాయి. కీబోర్డు మీద. ఆ వేళ్ళు చూసే మా నాన్నకి సరే అన్నాను. ఆస్తి చూడలేదు, ఉద్యోగం లేదంటే బాధపడలేదు. పది వేళ్ళు చూసి చేసుకున్నాను. ఆ పదీ పదిగానే ఉండాలని నా బాధ. విజయకుమార్ బావగారిని చూసొచ్చిన దగ్గర్నుంచీ ఈయన పడుకున్నాక లేచి చేతులు తడిమి చూసుకుంటున్నానండి. నవ్వుతారు మీరు. నవ్వండి."

"నవ్వడం లేదండి టీచరు గారూ. ఎంత మాట. బేబీ, ఆపు ఆ మిషను."

"శారోనూ, ఏంటిది? షాపులో ఇలాంటివా చెప్పేది?"

"ఇంట్లో చెబితే టీవీ సౌండు పెంచుతారు కదా మీరు."

"అందుకేగా మంచి కంపెనీది కొందామంటున్నాను! నీ కోసమే కదా!"

"మంచి కంపెనీది కొని ఏం చేస్తారు? పాత కిటోరాకి ప్లగ్గు ఏదండి? శ్యామ్ బాబు గారూ, ఆ ప్లగ్గు చూడండి, ఎంత ముద్దుగా పోత పోసేరో. ఎన్నాళ్ళుంటుందండి అది?"

"మిషను ఉన్నన్నాళ్ళూ ఉంటుందండి, ఆయ్."

"మా ఇంట్లో ఆ సాయంత్రం దాకా ఉంటుంది. కొన్న రోజే ప్లగ్గు కోసేసి పొడుగు వైరు కలిపేరు. ఆ వైరు చివర రెండు రాగి తీగలు. వాటిని సాకెట్లో దూర్చి, ఊడిరాకుండా అగ్గిపుల్లలు గుచ్చుతారు. జపానువాడు ఎంత కష్టపడి చేసేడో పాపం ఆ ప్లగ్గు."

"సైట్లో సాకెట్టు ఎక్కడో ఉంటుందండి. మనం ఎక్కడో ఉంటాం. అగ్గిపుల్ల గట్టిగా పడుతుందండి శ్యామ్ బాబు గారూ, మీకు తెలియంది కాదు."

"పడుతుందండి. చాలామంది అలాగే చేస్తారండి."

"మిషనుకి ఇంత వెతుకుతారు గానీ అగ్గిపుల్లలకి ఏ కంపెనీ పెట్టైనా సరేనన్నమాట."

"టీచరు గారూ, మీరు ఇంత ఇదిగా ఉన్నారు కాబట్టి ఒకటి చేస్తానండి. కళ్ళజోడు ఫ్రీగా ఇస్తాను. కంపెనీదేనండి. పొట్టు కళ్ళల్లో పడకుండా."

"పాతదానితోనూ ఇచ్చేరండి. ఈయన బండి మీద రాజోలు సెంటరుకి వెళ్ళేటప్పుడు పెట్టుకుంటారు. పనిలో ఉన్నప్పుడు కళ్ళు చికిలించుకుంటారు."

"గీతలు పడిపోతాయి శారోనూ పనిలో పెట్టుకుంటే!"

"కళ్ళకి పడినా పర్లేదా?"

"శ్యామ్ బాబు గారూ, మీరు వోల్మన్ సంగతి చెప్పండి. బరువెంతండి?"

"చెబుతాను గానీ మేస్త్రి గారూ, అసలు మీకు ఈ మిషను ఏ పనికో చెప్పేరు కాదు. పనిని బట్టి కదండీ కంపెనీ."

"పి.గన్నవరంలో దుర్గాసాయి గారని, కొత్తిల్లు కడుతున్నారండి. గుమ్మాలు, కిటికీలు, వంటింటి కబోర్డులు, దేవుడి మందిరం, మొత్తం చెక్కపని నాదే. ఈ పని బాగా చేస్తే ఇంక వెనక్కి చూసుకోనక్కర్లేదండి. మొన్న సైటుకెళ్తే ఆయన కొలతలు అడగలేదు, చెక్క అడగలేదు. 'ఏ మిషన్లు వాడతావయ్యా?' అన్నాడు మొట్టమొదట. ఫోనులో వీడియోలు తీసి పెడతాడట, అందుకని మిషను కనపడాలట."

"అయితే కిటోరా పెట్టండి. పసుపు రంగు, వీడియోలో మెరిసిపోతుందండి."

"అక్కడేనండి వచ్చింది చిక్కు. వాళ్ళ నాన్నగారున్నారు. ఆయన పసుపు చూస్తే గుమ్మంలోంచే పంపించేస్తారు."

"ఓహో. అలాగా. అటు మనిషన్నమాట. అయితే వోల్మన్ పెట్టండి. నీలం."

"నీలం దుర్గాసాయి గారికి పడదండి. ఆయన ఇటు మనిషి. మొన్న ఎన్నికల దగ్గర్నుంచి తండ్రీ కొడుకులు ఎవరి టీవీ వాళ్ళు చూసుకుంటున్నారు."

"మరి ఎర్రది? బుల్‌కింగ్ ఎరుపే కదండి. నేను అమ్మను గానీ, తెప్పిస్తాను."

"ఎరుపు అల్లుడు గారి పార్టీ అండి. అల్లుడు గారంటే తండ్రీ కొడుకులిద్దరికీ పడదు. ఆ ఇంట్లో కుదిరిన మాట అదొక్కటే."

"రామ రామ. ఆకుపచ్చది ఒకటుంది గానీ... ఆకుపచ్చకి ఎవరున్నారండి ఆ ఇంట్లో?"

"తెలీదండి. వాళ్ళకే తెలీదేమో. ఎవరైనా ఉండి ఉంటే?"

"మిషను చెక్క కొయ్యడానికా, ఊరేగింపుకా? నల్ల టేపు చుట్టేయండి దానికి. ఏ రంగూ కనపడదు."

"టేపు చుడితే కంపెనీ పేరు కనపడదు కదా శారోనూ! పేరు కనపడనప్పుడు కిటోరా కొని ఏం లాభం?"

"అదేనండి. టీచరు గారికి ఈ లైనులో అనుభవం లేదు గానీ, మేస్త్రి గారు చెప్పింది నిజమండి. నేనొక దారి చెబుతాను. ఆ ఇంటికి మేడ ఉందాండి?"

"ఉందండి. కింద కొడుకు గారు, మేడ మీద తండ్రిగారు ఉంటారట."

"ఇంకేం! కింద పని కిటోరాతో చెయ్యండి, మేడ మీద పని వోల్మన్‌తో చెయ్యండి. మెట్ల మీద మాత్రం ఉలితో చెయ్యండి. రెండు మిషన్లూ కట్టించేస్తాను, బేబీ..."

"బేబీ, నువ్వు కదలకమ్మా. ఒక్కటే మిషను. డబ్బులు ఎవరిస్తున్నారండి ఆ పనికి, తండ్రా కొడుకా?"

"కొడుకు గారే."

"అయితే పసుపు. అయిపోయింది. నాన్నగారు సైటుకొచ్చినప్పుడు గోనె కప్పండి."

"...శ్యామ్ బాబు గారూ, మా ఆవిడ చెప్పింది కూడా ఆలోచించాల్సిందేనండి."

"మరేనండి. బ్రహ్మాండంగా చెప్పేరు. అయితే కిటోరా, నాలుగంగుళాలది. దానికి చెక్క కోసే పళ్ళ బ్లేడు, అయిదంగుళాలది. బేబీ, రాసుకో."

"ఆగండి. మిషను నాలుగంగుళాలదా, బ్లేడు అయిదంగుళాలదా?"

"అవునండి టీచరు గారూ."

"అయిదంగుళాల బ్లేడు నాలుగంగుళాల డొప్పలో ఎలా తిరుగుతుందండి?"

"తిరగదండి. అందుకే డొప్ప తీసేస్తారండి."

"మరి అయిదంగుళాల మిషనే కొనొచ్చు కదా?"

"టీచరు గారు లెక్కలు చెబుతారాండి?"

"సోషల్ చెబుతాను."

"అయిదంగుళాలది బరువు శారోనూ. రోజంతా పట్టుకుంటే చెయ్యి లాగేస్తుంది. అందరూ ఇలాగే వాడతారు. రాజోల్లో ఎవర్నైనా అడుగు."

"విజయకుమార్ బావగారిని అడగనా?"

"మళ్ళీ అక్కడికే వస్తావేంటి? ఆయన ఆ రోజు ఏదో పరధ్యానంగా ఉన్నాడట. కూతురి కాలేజీ గురించి ఆలోచిస్తున్నాడట."

"మీరు పనిలో ఏమీ ఆలోచించరా?"

"పాటలు అనుకుంటాను. ఆదివారం ఏ పాట వాయించాలా అని."

"చూసేరా శ్యామ్ బాబు గారూ. ఈయన పరధ్యానం ఇంకా శ్రుతిలో ఉంటుంది. నాకు అయిదంగుళాల బ్లేడు వద్దండి. నాలుగంగుళాల మిషనుకి నాలుగంగుళాల బ్లేడే ఇవ్వండి. డొప్పతోనే. లేకపోతే ఫోను తియ్యను."

"అలాగేనండి టీచరు గారూ, మీ మాట ఎందుకు కాదంటానండి. బేబీ, నాలుగుదే రాయి."

"కొనేక పాస్టరు గారి చేత ప్రార్థన చేయిద్దాం శారోనూ. మిషను మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తారు. సరేనా? ఇంక నీకే భయం అక్కర్లేదు."

"చేయిద్దాం. డొప్ప ఉంచి చేయిద్దాం. డొప్ప పీకేసి ప్రార్థన చేస్తే దేవుడికి మన సైటు దగ్గర కాపలా కాయడమే సరిపోతుంది. ఇంకెవరి ఇంటికీ వెళ్ళడానికి ఆయనకి కుదరదు."

"ఆయ్, భలే అన్నారండి."

"ఏవండీ, ఇటు చూడండి. డొప్ప తియ్యనని చెప్పండి."

"చెబుతాలే."

"చెప్పండి."

"ఇంటికెళ్ళేక చెబుతాను. ఆయన ముందు బాగోదు."

"ఆయన ముందే చెప్పాలి."

"సరే. తియ్యను."

"నా మీద ఒట్టేసి చెప్పండి."

"ఒట్లు పెట్టకూడదు కదా మనం. ఆదివారం పాస్టరు గారు కూడా అదే చెప్పేరు, నువ్వు ముందు వరసలోనే కూర్చున్నావ్."

"ఒట్టు వద్దు. మామూలుగానే చెప్పండి, నా మొహం చూసి."

"నేను డొప్ప తియ్యను శారోనూ. సరేనా? నా చేత్తో నేను తియ్యను."

"చాలు. ఇదుగోండి శ్యామ్ బాబు గారూ, కొట్టేసేను. వచ్చిందా చూసుకోండి."

"వచ్చిందండి. పేమెంటు పెట్టె మాట్లాడింది. బేబీ, బిల్లు టీచరు గారికియ్యి. ఇచ్చి, ముగ్గురికీ టీ పట్టుకురామ్మా. పంచదార తక్కువ చెప్పకు, ఇవాళ మంచి బేరం."

"ఎవరిదో ఫోను... ప్రసన్నకుమారి మేడమ్. మా హెడ్మిస్ట్రెస్ అండి. లోపల వినపడదు, బయటికెళ్ళి మాట్లాడొస్తాను. ఏవండీ, ఆ పెట్టె మూసేయండి."

"మూసేస్తాలే, వెళ్ళు. మాట్లాడు నిదానంగా."

"వెళ్ళేరాండి మేస్త్రి గారూ?"

"వెళ్ళిందండి. ఆ టైర్ల షాపు దాకా వెళ్ళింది."

"ఎంత మంచి మనిషండీ మీ ఆవిడగారు. ఇలా పెంకిగా మాట్లాడేవాళ్ళకే ప్రేమ ఎక్కువండి. అది సరే గానీ, ఈ అయిదంగుళాల బ్లేడు పెట్టె అడుగున పెట్టేస్తాను, బిల్లులో లేదు లెండి. ఆ మిషను ఇలాగివ్వండి."

"ఎందుకండీ?"

"డొప్పండి. రెండు నిమిషాల పని."

"తియ్యనని చెప్పేనండి ఇప్పుడే."

"మీరు తియ్యనన్నారండి. నేను తీస్తాను. మీ మాటకేం వచ్చింది?"

"నిజమేననుకోండి. కానీ మనసుకి కొద్దిగా..."

"ఆలోచించండి మేస్త్రి గారూ. దుర్గాసాయి గారు వీడియో తీస్తాడన్నారు. ఊరంతా చూస్తుంది. కిటోరా చేతిలో పట్టుకుని, దానికి డొప్ప పెట్టుకుని, కొత్తగా నేర్చుకుంటున్నవాడిలాగ కనపడతారా? మీ ఇశ్రాయేలు మేస్త్రి గారు ఎప్పుడైనా డొప్పతో చేసేరా?"

"ఎప్పుడూ లేదండి. ఆయన డొప్పలు కొన్న చోటే వదిలేసేవారు."

"అదీ. నిజమైన మేస్త్రి."

"ఆవిడ అడిగితే ఏం చెప్పాలండి?"

"కొత్త మోడలు, డొప్ప లేకుండానే వస్తోందని చెప్పండి."

"చూసింది కదండీ ఇందాకా!"

"అయితే ఇంటి దగ్గర బిగించుకోండి, సైటుకెళ్ళేక తీసేయండి. డొప్పకి కూడా ఇంట్లో ఉండడం ఇష్టమండి. పట్టుకోండి అటు చివర. ఈ స్క్రూ కొద్దిగా బిగుతుగా ఉంది... బేబీ ఉంటే తీసేది. ఒక్క చేత్తో రావడం లేదు..."

"రెండో చేత్తో పట్టండి శ్యామ్ బాబు గారూ. జేబులో ఎందుకా చెయ్యి?"

"అవుననుకోండి... ఆయ్, వచ్చింది, వచ్చేసింది."

"ఏం వచ్చిందండి?"

"శారోనూ! అప్పుడే అయిపోయిందా మాట్లాడడం?"

"కట్ చేసి వచ్చేను. మిమ్మల్నిద్దర్నీ వదిలి వెళ్ళేనని గుర్తొచ్చింది. ఏం తీస్తున్నారండి అక్కడ?"

"తియ్యడం లేదు, శ్యామ్ బాబు గారు బిగించి చూపిస్తున్నారు. నేనేం ముట్టుకోలేదు, నా చెయ్యి చూడు."

"బిగించడమేనండి టీచరు గారూ. ఎంత గట్టిగా ఉందో మీకు చూపిద్దామని..."

"ఆగండి. ఆ చెయ్యి వెనక్కి పెట్టకండి."

"డొప్ప ఎక్కడికీ పోలేదండి, ఇదుగో బల్ల మీదే ఉంది, పెట్టేస్తున్నాను..."

"డొప్ప కాదండి నేనడిగేది. చెయ్యి. వచ్చిన దగ్గర్నుంచీ ఆ చెయ్యి మీరు బయటికి తియ్యలేదు. అన్నీ బేబీ చేతే చేయించేరు. ఇలా పెట్టండి బల్ల మీద. పెట్టండి, పర్లేదు... అయ్యో దేవుడా. ఈ వేళ్ళేవండి శ్యామ్ బాబు గారూ?"

"ఇదాండి. ఇది పాత సంగతండి టీచరు గారూ. షాపు పెట్టక ముందు నేనూ మేస్త్రినేనండి, అంబాజీపేటలో. ఆ తరవాతే ఈ వ్యాపారంలోకి వచ్చేను. మీరేం కంగారు పడకండి. అది మనం అమ్మే కంపెనీ కాదండి, ఆయ్."

"దానికి డొప్ప ఉందా?"

"సీనియర్ మేస్త్రినండి మరి."

"ఏవండీ. మిమ్మల్నే. ఇటు చూడండి. ఈయన చెప్పింది విన్నారా?"

"విన్నాను శారోనూ, విన్నాను. శ్యామ్ బాబు గారూ, ఏ కంపెనీ అండీ అది?"